స్టీరింగ్ పిల్లది, సంతకం మీది

లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసు అద్దం తలుపు నెట్టుకుని మీ అమ్మాయి బయటికొస్తోంది. చేతిలో ఒక కాగితం. అసలు కార్డు పోస్టులో వస్తుందట, అంతవరకూ ఇదే లైసెన్సు. "పాసయ్యానమ్మా!" అంటూ పార్కింగ్ లాట్ అంతా వినబడేట్టు అరుస్తోంది. మీరు పాత కామ్రీకి ఆనుకుని నిలబడి ఉన్నారు. అక్టోబరు వచ్చినా డాలస్ ఎండ తగ్గలేదు. కారు తలుపు వీపుకి చురుక్కుమంటోంది.

తన మొహం చూసి మీకూ నవ్వొస్తుంది. స్కూలు నుంచి హాజరు పత్రం తేవడం, రెండు గంటల వీడియో కోర్సు చేయించి సర్టిఫికెట్ ప్రింట్ తీయించడం, ముప్పై గంటలు పక్కన కూర్చుని ప్రాక్టీసు చేయించడం, అందులో పది గంటలు రాత్రిపూట. అన్నీ అయ్యాయి. అయినా లోపలెక్కడో ఒక లెక్క మొదలైంది. లర్నర్ పర్మిట్ ఉన్నన్నాళ్ళూ మీ ఇన్సూరెన్స్ కంపెనీ పైసా పెంచలేదు. చాలా కంపెనీలు పెంచవు, ఇంట్లో పర్మిట్ ఉన్న పిల్ల ఉందని చెబితే చాలంటాయి. ఈ కాగితం చేతికి రావడంతో ఆ రోజులు అయిపోయాయి.

"నేనే నడుపుతా" అని తను డ్రైవర్ సీట్లో కూర్చుంటుంది. "ఒక్క నిమిషం ఆగు" అని మీరు పక్క సీట్లో కూర్చుని ఏజెంటుకి ఫోన్ చేస్తారు. స్పీకర్‌లో పెడతారు. తనూ వినాలి.

"కంగ్రాట్స్ అక్కా! మరి రేటు చెప్పనా? కూర్చునే ఉన్నారు కదా?"

రెండు కార్లకీ కలిపి మీ ఇంటి ప్రీమియం ఆరు నెలలకి 1,120 డాలర్లు. అమ్మాయి పేరు చేరిస్తే 2,310.

కార్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడదు. అమ్మాయి మీ వైపు తిరుగుతుంది. "నేనేం చేశానమ్మా? ఒక్క టికెట్ కూడా లేదు కదా!"

ఏమీ చేయలేదు. ఇంకా ఒంటరిగా రోడ్డే ఎక్కలేదు. కంపెనీ భయమంతా అందుకే. నడిపిన మైళ్ళ లెక్కన చూస్తే, ఇరవై దాటినవాళ్ళతో పోల్చినప్పుడు పదహారు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలు ప్రాణాలు పోయే ప్రమాదాల్లో చిక్కుకోవడం దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అందులోనూ లైసెన్సు చేతికొచ్చిన మొదటి నెలలే గడ్డుకాలం. "అబ్బాయి అయ్యుంటే ఇంకా ఎక్కువయ్యేదక్కా" అని ఏజెంటు మీకు ధైర్యం చెబుతున్నాడు. హవాయిలో అయితే వయసు చూసి, ఆడా మగా చూసి రేటు కట్టడానికి చట్టం ఒప్పుకోదు. మీరున్నది టెక్సస్.

రాత్రి హైదరాబాద్‌కి ఫోన్ చేసి చెబితే మామయ్యగారు నమ్మరు. ఆయన కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సీసీని బట్టి ప్రభుత్వం నిర్ణయించిందే. ఇంట్లో పద్దెనిమిదేళ్ళ మనవడు నడిపినా అంతే, ఆయన నడిపినా అంతే. అక్కడ ముందు బండిని చూస్తారు. ఇక్కడ స్టీరింగ్ పట్టుకున్న మనిషిని చూస్తారు.

ఏజెంటు ఇంకా లైన్లో ఉండగానే వాట్సాప్‌లో ఒక మెసేజి. పొద్దున కాలనీ గ్రూపులో మీరడిగిన ప్రశ్నకి ఎవరో ఇచ్చిన సలహా: "అసలు పేరే ఇవ్వకండి. వారానికి రెండుసార్లు నడిపేదానికి ఎవరు చూడొచ్చారు?"

వేలు ఆ మెసేజి మీదే ఆగుతుంది. ఆరు నెలలకి 1,190 డాలర్లు మిగులు. ఏడాదికి అంతకి రెట్టింపు. అమ్మాయి స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ మీకోసం ఎదురుచూస్తోంది.

ఏజెంటునే అడిగేస్తారు, మాట మార్చి, వేరే ఎవరి గురించో అన్నట్టు. అతను పట్టేస్తాడు. "అక్కా, ఇంట్లో లైసెన్సు ఉన్నవాళ్ళందరి పేర్లూ ఇచ్చామని కిందటి రెన్యువల్‌లో మీరే సంతకం పెట్టారు. యాక్సిడెంట్ అయిన రోజు కంపెనీ మొదట తీసేది ఆ కాగితమే. తెలిసి దాచారని తేలిందా, క్లెయిమ్ ఇవ్వనంటారు, పాలసీ కూడా పోవచ్చు. ఇంకోచోట కొనాలన్నా ఆ మచ్చ మీ వెంటే ఉంటుంది."

"పోనీ, నడపదు అని రాసిస్తే?"

"రాసివ్వొచ్చు, దానికి ఫారం ఉంది. ఆ తర్వాత మీకు జ్వరమొచ్చి మందులకి తనని పంపినా కవరేజి ఉండదు. ఒక్కసారికి కూడా."

మీరు అమ్మాయి వైపు చూస్తారు. ఇంట్లో తాళాలు గుమ్మం పక్కన కొక్కేనికే వేలాడతాయి. తను ఒక్కసారి కూడా తీసుకోదా? వాట్సాప్ మూసేస్తారు. "పేరు చేర్చండి. ఎక్కడెక్కడ తగ్గుతుందో చూద్దాం."

"తన పేరు మీద వేరే పాలసీ తీస్తే?" అనీ అడుగుతారు. విడిగా తీస్తే పదహారేళ్ళ పిల్ల ఒక్కతే, ఒక్క కారు. మీ ఇన్నేళ్ళ అనుభవం, రెండు కార్లూ ఇల్లూ ఒకేచోట ఉన్నందుకు వచ్చే తగ్గింపు, ఏవీ తన లెక్కలోకి రావు. ఇంకా ఎక్కువే అవుతుంది. మీ నీడలో ఉంటేనే చవక.

"జీపీఏ ఎంత పాపా?" ఏజెంటు అడుగుతున్నాడు.

"త్రీ పాయింట్ సిక్స్, అంకుల్!"

సాధారణంగా బీ సగటు, అంటే 3.0 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గుడ్ స్టూడెంట్ తగ్గింపు ఇస్తారు. మార్కుల పత్రం ఫొటో తీసి పంపాలి. 190 తగ్గింది. 2,120.

"ఇప్పుడు కూర్చున్న ఈ కామ్రీ ఎప్పటిది?"

2014. అప్పు తీరిపోయింది. డ్రైవర్ వైపు సన్ వైజర్ మీద కొత్తల్లో పెట్టిన కుంకుమ బొట్టు మరక ఇంకా ఉంది. ఢీకొన్నప్పుడు మీ కారు నష్టానికిచ్చే కొలిజన్ కవరేజికి మీరు ఏటా కట్టేది ఎంత, రేపు తుక్కయితే కంపెనీ చేతిలో పెట్టేది ఎంత? ఏజెంటు రెండు అంకెలూ పక్కపక్కన చదువుతాడు. మీ వంతుగా కట్టాల్సిన డిడక్టిబుల్ పోగా వచ్చేది చాలా కొద్ది. కారుకి అప్పుంటే బ్యాంకు తీయనివ్వదు. మీకు లేదు. "తీసేయండి" అంటారు. 210 తగ్గింది. 1,910.

"కాంప్రహెన్సివ్ కూడా తీసేయనా?"

మీరు ఠక్కున "వద్దు" అంటారు. ఏప్రిల్‌లో పడిన వడగళ్ళు గుర్తొచ్చాయి. వీధిలో సగం కార్ల టాపులు సొట్టలుపడ్డాయి. వడగళ్ళు, దొంగతనం, రోడ్డుకి అడ్డంగా దూకిన జింక, ఇవన్నీ ఆ పద్దు కిందికే వస్తాయి. దాని ఖరీదు తక్కువ. ఉండనిస్తారు.

మీ ఆయన కారుకి డిడక్టిబుల్ 500 నుంచి 1,000కి పెంచితే ఇంకో 90 తగ్గుతుంది. అంటే చిన్న దెబ్బ తగిలితే మొదటి వెయ్యి మీ జేబులోంచే పోవాలి. బ్యాంకులో ఎప్పుడూ ఆ వెయ్యి కదలకుండా ఉంటుందా? ఉంటుంది. సరే అంటారు. 1,820. ఏడాదిగా మీ ఫోన్లో డ్రైవింగ్ చూసే యాప్ ఉంది కదా, అమ్మాయి ఫోన్లో కూడా పెడితే చేరినందుకే మరో 70 తగ్గింపు. 1,750.

"కాకపోతే అక్కా, కొన్ని కంపెనీలు బాగా నడపకపోతే ఆ యాప్ చూసే రేటు పెంచుతాయి కూడా. మనదాంట్లో పెంచరు. వేరేచోట తీసుకుంటే ముందు అది అడగండి. సాయంత్రానికి రెండు కొటేషన్లు పంపిస్తా, ఒకటి మీ పాత లిమిట్లతో, ఒకటి పెంచిన లిమిట్లతో. పెంచితే 140 ఎక్కువవుతుంది. చూసి సంతకం పెట్టండి."

తగ్గించుకుంటూ వచ్చి మళ్ళీ పెంచడమేమిటి? మీ మనసులో నిర్ణయం అయిపోయింది. పాతదే చాలు.

"ఫోన్ లోపల పెట్టు" అంటారు. అమ్మాయి డాష్‌బోర్డు అరలో పడేస్తుంది. టెక్సస్‌లో పద్దెనిమిది నిండేవరకూ నడుపుతూ ఫోన్ ముట్టుకోకూడదు, స్పీకర్‌లో మాట్లాడినా తప్పే. కామ్రీ మెల్లగా పార్కింగ్ దాటుతోంది.

దారిలో కార్ల షోరూము. ముందు వరసలో ఎర్ర మస్టాంగ్. అమ్మాయి కళ్ళు అటు పోయి వస్తాయి. "రోడ్డు చూడు" అంటారు. సరిగ్గా అప్పుడే మీ ఆయన ఫోను. "కామ్రీ దానికిచ్చేద్దాం, మనం టెస్లా తీసుకుందామా?" మీ నోటిదాకా సరే వస్తుంది. కానీ ఏజెంటు చెప్పింది చెవిలో ఉంది. ఇంట్లో కార్లకన్నా నడిపేవాళ్ళు ఎక్కువుంటే, చాలా కంపెనీలు పిల్లని అప్పుడప్పుడూ నడిపే మనిషిగా లెక్కేస్తాయి. మూడో కారు వస్తే ఒకటి తనదే అయిపోతుంది. మూడో కారుతోపాటు దాని ప్రీమియమూ వస్తుంది. కొన్ని కంపెనీలైతే ఇంట్లో అందరికన్నా ప్రమాదమున్న డ్రైవరుని అన్నిటికన్నా ఖరీదైన కారుకే అంటగడతాయి. కొత్త టెస్లా, పదహారేళ్ళ పిల్ల, ఒకే గీత మీద!

"ఇంటికొచ్చాక మాట్లాడదాం" అని పెట్టేస్తారు. ఈ పాత కామ్రీకి బలం తక్కువ, బరువు మధ్యస్థం. జారినప్పుడు పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్ ఉంది. 2012 మోడల్ నుంచి ఈ దేశంలో ప్రతి కారుకీ అది తప్పనిసరి. పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి?

ప్రెస్టన్ రోడ్డు వచ్చింది. అటు మూడు వరసలు, ఇటు మూడు. మీ ఇంటికి ఎడమ వైపు తిరగాలి. ఎడమకి తిరిగే వరసలో మొదటి కారు మీదే. సిగ్నల్‌లో పసుపు బాణం మెరుస్తోంది. తిరగొచ్చు, ఎదురుగా వచ్చేవాళ్ళని పోనిచ్చాక.

పడమటి ఎండ అద్దంలోంచి ఏటవాలుగా కళ్ళల్లో కొడుతోంది. అమ్మాయి వైజర్ దించుతుంది. కుంకుమ మరక మీ కళ్ళ ముందుకొస్తుంది. వెనక కారువాడు హారన్ కొడుతున్నాడు.

"కంగారు పడకు. వాడి పనేదో వాడు చూసుకుంటాడు."

ఒక కారు పోయింది. ఇంకోటి పోయింది. ఎదురుగా, తన ఎడమకి తిరగడానికి ఒక వ్యాను ఆగి ఉంది. ఎత్తుగా ఉంది. దాని వెనకున్న వరస కనబడటం లేదు.

మళ్ళీ హారన్.

"ఖాళీగానే ఉంది కదమ్మా?"

ఉందా? మీరు మెడ చాస్తారు. వ్యానే కనబడుతోంది.

"ఆగు..."

కాలు బ్రేకు మీంచి లేచింది. కారు కదిలింది.

వ్యాను పక్కనుంచి పికప్. తెల్లది. పెద్దది.

మీ వైపు. మీ తలుపు వైపు.

ఆ రోడ్డు మీద గంటకి 45 మైళ్ళు. సెకనుకి 66 అడుగులు.

"బ్రేక్!"

బెల్టు బిగిసింది. ఊపిరి ఆగింది. కారు ఆగింది. ముక్కు అవతలి వరసలో.

టైర్ల కీచు. హారన్. తెల్లగా ఏదో.

పోయింది.

రబ్బరు కాలిన వాసన. అమ్మాయి చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. కదలదు. కదలాలి, ఇక్కడ ఆగకూడదు. అరుస్తారా, చెబుతారా?

"ఇప్పుడు చూడు. మూడు వరసలూ చూడు. ఏమన్నా వస్తోందా?"

"...లేదు."

"తిరుగు. మెల్లగా."

తిరుగుతుంది. మొదటి షాపుల సముదాయంలోకి, ఇండియన్ గ్రాసరీ ముందు ఖాళీలోకి. గేరు పార్కులో పడ్డాక ఏడుపు మొదలవుతుంది. మీరు వీపు మీద చెయ్యేస్తారు. మీ చెయ్యే వణుకుతోంది.

ఫోన్ టింగుమంటుంది. యాప్. ఈ ప్రయాణంలో ఒక హార్డ్ బ్రేక్, మార్కులు తగ్గాయి. మీకు ఒళ్ళు మండుతుంది. ఇద్దర్నీ బతికించిన బ్రేకు అది! కానీ కన్నీళ్ళు తుడుచుకుని అమ్మాయే అంటుంది: "వ్యాను వెనక కనబడనప్పుడు నేను బయల్దేరకుండా ఉండాల్సింది." యాప్ పట్టుకున్నదీ అదే. బ్రేకు అంత గట్టిగా పడిందంటే అంతకు ముందే ఏదో ఆలస్యమైంది. వారంలో అలాంటివి ఎన్ని, అర్ధరాత్రి ఎన్ని మైళ్ళు, ఫోన్ ఎన్నిసార్లు కదిలింది? ఆరు నెలల తర్వాత రెన్యువల్ కాగితం మీద వచ్చే తగ్గింపు ఈ లెక్కల్లోంచే పుడుతుంది.

కింద ఇంకో మెసేజి ఉంది. ఏజెంటు రెండు కొటేషన్లు పంపాడు.

మొదటిది 1,750. మీ పాత లిమిట్లు, 30/60/25. ఈ దేశం వచ్చిన కొత్తల్లో, జీతం తక్కువ రోజుల్లో, చవగ్గా ఉందని ఎంచుకున్నవి. టెక్సస్ చట్టం అడిగే కనీసం అంతే. ఇన్నేళ్ళుగా వాటి అర్థం మీరు చదవలేదు. ఇప్పుడు ఆ తెల్ల పికప్ కళ్ళ ముందు పెట్టుకుని చదువుతారు. తప్పు మీ పిల్లది అయితే, అవతల గాయపడ్డ ఒక్కో మనిషికి కంపెనీ ఇచ్చేది గరిష్ఠంగా 30 వేల డాలర్లు. ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి 60 వేలు. బండికీ ఆస్తికీ 25 వేలు. కొత్త పికప్ ఒక్కదానికే ఆ 25 సరిపోదు. అందులో ఎంతమంది ఉన్నారు? వెనక సీట్లో పిల్లలున్నారా? మీకు తెల్లరంగు తప్ప ఏమీ కనబడలేదు. అంబులెన్సు, ఆపరేషన్, నాలుగు రోజులు ఆస్పత్రి. 30 వేలు ఎక్కడిదాకా వస్తాయి? ఆపైన వచ్చే లాయరు నోటీసు మీ ఇంటి చిరునామాకే వస్తుంది.

రెండోది 1,890. లిమిట్లు 100/300/100.

ఇందాక మీరు తగ్గించినవి ఒక్కసారి చూసుకోండి. పాత కారు రేకు మీద తగ్గించారు. చిన్న సొట్టల మీద తగ్గించారు. అవి పోతే మీకు వెయ్యో రెండువేలో నష్టం, తట్టుకుంటారు. ఇక్కడ తగ్గిస్తే ఎదుటి మనిషి ఎముకల మీద తగ్గించినట్టు. అది తట్టుకునే డబ్బు మీ దగ్గర లేదు. ఇనుము మీద పిసినారితనం చేయొచ్చు, మనుషుల మీద కాదు.

సంతకం పెట్టే ముందు ఇంకొక్క పని. టెక్సస్ బీమా శాఖ వాళ్ళ హెల్ప్‌ఇన్సూర్ సైటు తెరిచి మీ వివరాలు కొడతారు. కంపెనీ కంపెనీకీ నమూనా రేట్లలోనే ఎంత తేడా! పిల్లలున్న ఇంటిని ఒకరు బంగారంలా చూస్తే ఇంకొకరు గుదిబండలా చూస్తారు. ఇవే లిమిట్లతో ఇంకో ఇద్దరిని కొటేషన్ అడగాలని రాసుకుంటారు. లిమిట్లు వేరైతే పోల్చి లాభం లేదు. ఎవరో ఒకరు తగ్గిస్తే రెన్యువల్ అప్పుడు మారొచ్చు. ఈ రాత్రికి మాత్రం పిల్ల పేరు పాలసీలో ఉండాలి. రెండో కొటేషన్ మీద వేలితో సంతకం గీస్తారు.

"ఎంతయింది?" అమ్మాయి ముక్కు చీదుతూ అడుగుతుంది. దాచకుండా చూపిస్తారు. తన పేరు పక్కన ఎంత పెరిగిందో, మార్కుల వల్ల ఎంత తగ్గిందో, అన్నీ. "మార్కులు తగ్గితే ఆ 190 నీ ట్యూషన్ డబ్బుల్లోంచి నువ్వే కడతావు" అంటారు. చిన్నపిల్లలకి లెక్కలు చెప్పి తను సంపాదించుకునే డబ్బు అది. తల ఊపుతుంది. రెండేళ్ళకి ఆస్టిన్‌లో సీటొచ్చి, కారు ఇక్కడే వదిలి వెళితే ఇంకొంత తగ్గుతుందని కూడా చెబుతారు. ఇంటికి వంద మైళ్ళకి పైన చదివే పిల్లలకి చాలా కంపెనీలు ఇస్తాయి. తనకి నవ్వొస్తుంది. "ఇప్పుడే పంపించేస్తున్నావా?"

"సీటు మారదామా?" అని అడుగుతారు. వద్దంటుంది. మంచిదే. అద్దాలు సరిచూసుకుని మళ్ళీ రోడ్డెక్కుతుంది. తర్వాతి సిగ్నల్ దగ్గర పసుపు బాణం మెరుస్తుంటే మూడు కార్లని పోనిచ్చి, వెనకవాడు హారన్ కొడుతున్నా ఆకుపచ్చ బాణం వచ్చేదాకా కదలదు. మీరు ఏమీ అనరు.

ఇల్లు. తాళాలు కొక్కేనికి తగిలించారో లేదో తన ఫోన్ మోగుతుంది. స్కూలు ఫుట్‌బాల్ ఆట. ఇద్దరు స్నేహితురాళ్ళు. "లైసెన్సు వచ్చిందటగా, వచ్చి ఎక్కించుకో!"

"అమ్మా, ఇద్దర్నీ తీసుకెళ్ళనా? పావుగంట దారే."

తన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కాదంటే ఈ రోజంతా చెడగొట్టినవాళ్ళవుతారు. కానీ లైసెన్సు వచ్చిన మొదటి ఏడాదిలో ఇంట్లోవాళ్ళు కాని, ఇరవై ఒకటి నిండని వాళ్ళని ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదని టెక్సస్ రూలు. పక్కన తోటిపిల్లలు పెరిగేకొద్దీ పదహారేళ్ళవాళ్ళ చేతిలో ప్రమాదాలు పెరుగుతాయి కాబట్టే ఆ రూలు. ఒక్క టికెట్ పడితే చాలు, ఇందాక మీరు రూపాయి రూపాయి కూడబెట్టినట్టు తగ్గించిందంతా ఒక్క రెన్యువల్‌తో ఎగిరిపోతుంది. అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఎలా ఉంటుందో గంట కిందట తెల్లగా మీ తలుపు పక్కనుంచే పోయింది.

వాళ్ళమ్మలు ఏమనుకుంటారో? అనుకోనివ్వండి.

"ఒక్కర్నే ఎక్కించుకో. రెండోదాన్ని నేను తీసుకొస్తా. పదకొండుకల్లా ఇంట్లో ఉండాలి" అంటారు, మీ ఆయన కారు తాళాలు అందుకుంటూ.